రోములో పల్లిపట్టి

రోము నగరంలో నేను చూసిందల్లా మా నాయన నుదురు. తిరిగి వచ్చాక మా బడిలో తోటి టీచర్లు ఆ పాత కట్టడాలు ఎలా ఉన్నాయి, ఫౌంటెన్లు ఎలా ఉన్నాయి అని అడిగితే ఫోనులోని ఫొటోలు చూపించి తప్పించుకున్నాను. ఆ ఫొటోల్లో ఉన్నవేవీ నేను సరిగ్గా చూడలేదు. నాయనకు చెమట పడుతోందా, మాట తడబడుతోందా, చేయి వణుకుతోందా, నా కళ్లకు ఇదే పని. ఊరుగాని ఊరులో అంత కాపలా కాసి కూడా, తెల్లబట్ట పరిచిన బల్ల ముందు, పేరుమోసిన రెస్టారెంటులో, ఆ మనిషిని పోగొట్టుకునేదాన్నే.

ఆత్మకూరులో మా నాయనది విత్తనాలు, ఎరువుల దుకాణం. కంపెనీవాళ్లు చెప్పినంత సరుకు అమ్మిన డీలర్లను అప్పుడప్పుడూ విమానమెక్కించి ఏదో ఒక దేశం తిప్పుకొస్తారు. ఇంతకుముందు బ్యాంకాక్ అన్నప్పుడు నాయన పోలేదు. "ఆ ఊరికి పోయొచ్చిన అంటె మీ అమ్మ నన్ను ఇంట్లకు రానిస్తదా?" అన్నాడు. ఈసారి ఇటలీ అనేసరికి ఒప్పుకున్నాడు. టికెట్టు ఇద్దరికి. అమ్మకు మోకాళ్లు సహకరించవు, విమానమంటే భయం కూడా. వనపర్తిలో పంతులమ్మను కదా, వేసవి సెలవులే కదా అని నన్ను ముందుకు తోసింది. అది నా మీద ప్రేమతో తోయడం కాదు, నాయనకు కాపలాగా తోయడం.

అంతకు ముందు ఏడాదే నాయనకు షుగరు గోలీలతో ఆగక సూది దాకా వచ్చింది. మూడు పూటలా తిండికి అరగంట ముందు పొట్టకు ఇన్సులిన్ వేసుకోవాలి. సూది పడ్డాక తిండి పడకపోతే షుగరు జారిపోతుంది. మనిషి సోయి తప్పి పడిపోతాడు, చూసేవాళ్లు లేకపోతే ప్రాణం మీదికే వస్తుంది. మహబూబ్‌నగర్ డాక్టరు ఈ సంగతి నాయనకు ఒకసారి చెప్పి, ఆయన వినే రకం కాదని గ్రహించి, మళ్లీ నా వైపు తిరిగి చెప్పాడు.

నాయనకు రోగం కంటే రోగం బయటపడటం అంటేనే ఎక్కువ భయం. మా వైపు 'గోలీలు మింగుతున్నడు' అంటే ఎవరూ పట్టించుకోరు. ఊళ్లో సగం మంది మింగుతూనే ఉంటారు. 'సూదికొచ్చింది' అంటే మాత్రం ఆ మనిషి పని అయిపోయిందనే లెక్క. దుకాణం ఎవరికి అప్పజెప్తాడట, బాకీలు ఎప్పుడు వసూలు చేసుకుంటాడట అని అరుగుల మీద మాటలు మొదలవుతాయి. పైగా మాతో వచ్చిన డీలర్లలో గద్వాల దుకాణం ఆయన ఉన్నాడు. కృష్ణ మీది జూరాల కట్ట దాటి ఇవతలికి వచ్చి అమరచింత రైతులను మళ్లించుకుపోతాడని నాయనకు ఆయన మీద ఏళ్ల నాటి కడుపుమంట. ఎదురుపడితే మాత్రం ఇద్దరూ అన్నా అంటే అన్నా అనుకుంటారు.

శంషాబాదు ఎయిర్‌పోర్టులో పెట్టెలు దించుతుండగా నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, సూది ముచ్చట ఎవ్వరికి తెల్వొద్దు. ముఖ్యంగ ఆ గద్వాలాయనకు. నా మీద ఒట్టెయ్యి."

"గా ఒట్టెందుకు నాయనా? చెప్పనంటె చెప్ప."

"ఒట్టెయ్యి అంటున్న గదా!"

వేశాను. మందు చల్లగా ఉండాలి కాబట్టి చిన్న ఫ్లాస్కులో పెట్టుకున్నాను. అదేమిటని అడిగినవాళ్లకు నా కళ్లలో వేసుకునే మందు అని చెప్పాను. రెండోరోజుకే బస్సులోని ఆడవాళ్లంతా నా కళ్ల మీద జాలిపడి, ఎండలోకి పోవద్దని, ఫోను చూడొద్దని, పొన్నగంటి కూర తినమని జాగ్రత్తలు చెప్పసాగారు.

ఆ ఫ్లాస్కుతో పాటే ఒక గుడ్డసంచిలో పల్లిపట్టీల డబ్బా ఉండేది. మా చేని పల్లీలు దోరగా వేయించి, బెల్లం ముదురుపాకం పట్టి అమ్మ చేసినవి. "ఇవి తిననీకె కాదు. నాయనకు షుగరు పడ్డదంటె నోట్ల పెట్టనీకె. పానం లెక్క కాపాడుకో" అని చెప్పి మరీ ఇచ్చింది. గ్లూకోజు పొడి పెద్దపెట్టెలో ఉంది. పెద్దపెట్టె హోటలు గదిలో ఉంది. కాబట్టి రోములో తిరిగినంతసేపూ నా ధైర్యమంతా ఆ డబ్బాలోనే ఉండేది.

హైదరాబాదు నుంచి మాతో వచ్చిన టూరు మేనేజరు, దిగిన రోజు నుంచీ ఈ రెస్టారెంటు గురించే ఊదరగొట్టాడు. తాతల కాలం నాటిదట. పెద్దపెద్దవాళ్లు వచ్చి తిన్నారట. వాళ్ల పాస్తా తినకుండా రోము నుంచి పోతే, కురుమూర్తి జాతరకు పోయి కొండెక్కకుండా వచ్చినట్టేనట. ఈ చివరి మాట మా బస్సులో ఎవరో అప్పటికప్పుడు కల్పించి ఉంటారు, ఆయనకు కురుమూర్తి ఎక్కడిది! పన్నెండున్నరకు బల్ల సిద్ధంగా ఉంటుందని, బస్సు దిగగానే కూర్చోవడమేనని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ మాట నమ్మి, పన్నెండుకు, అంతకు ముందు ఆగిన చోటే నాయన సంచి పట్టుకుని మగవాళ్ల టాయిలెట్‌లోకి వెళ్లి సూది వేసుకొచ్చాడు. వస్తూ నాకు కళ్లతోనే 'అయింది' అని సైగ చేశాడు.

సంచి ఆయన చేతిలోనే ఉండిపోయింది. అప్పుడే అడిగి తీసుకోవలసింది. ఆడవాళ్లం బస్సులో వెనక కూర్చునేవాళ్లం, నాయన ముందు వరుసలో గద్వాలాయన పక్కన. బస్సు కదిలి, కాస్త దూరం పోయి, కార్ల మధ్య ఇరుక్కుని నిలబడిపోయింది. కిటికీలోంచి ఎవరో మొండెమే తప్ప తల లేని రాతిమనిషి కనిపిస్తున్నాడు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాం. ఇంతలో ముందు నుంచి ఒక డబ్బా చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. నా పక్కన కూర్చున్న అచ్చంపేట ఆమె ఒక ముక్క తీసుకుని, "మీ అమ్మ చేసిందంట గదా, బాగ గట్టిగొచ్చినయ్" అంది.

సీట్ల సందులోంచి గబగబా ముందుకు నడిచాను.

"నాయనా, ఏంది గిది? అందరికి పంచిపెట్టినవా?"

"జర ఆకలైతున్నట్టుంటె ఒకటి తిందామని తీసిన. పక్కన మనిషిని గూసోబెట్టుకోని ఒక్కన్నే ఎట్ల నములుత?"

"నువ్వు తిన్నవా మరి?"

"యాడ? అందరికి సరిపోవాలె గదా. డ్రైవరుకు గుడ ఒకటిచ్చిన."

గద్వాలాయన నా మొహంలోకే చూస్తున్నాడు. మా వైపు మనిషికి చేతిలో తినే వస్తువు ఉండి, చుట్టూ నలుగురు మనుషులు ఉండి, డబ్బా మూత తీయకుండా ఉండటం చేతకాదు. మూత తీశాక తానొక్కడే తినడం అంతకన్నా చేతకాదు. ప్రాణం కోసం దాచుకున్నదైనా సరే, ముందు పక్కవాడి చేతిలో పెట్టాల్సిందే. పెట్టింది తీసుకోకపోతే అవమానం కాబట్టి అవతలివాడు తీసుకోవాల్సిందే. ఖాళీ డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాయన మీద కోపంతో ఏడుపొచ్చింది.

పన్నెండున్నర దాటింది. బస్సు దిగి సందుల్లోంచి నడిచి ఆ రెస్టారెంటు ముందుకు చేరేసరికి అక్కడ తిరుపతి క్యూలా జనం ఉన్నారు. మా బల్ల మీద ముందు వచ్చినవాళ్లు ఇంకా లేవలేదట. వాళ్లను లేపడం ఇక్కడ పద్ధతి కాదని టూరు మేనేజరు చేతులు నలుపుకుంటూ చెప్పాడు. మా దగ్గర పెళ్లిలో అయితే తినేవాళ్ల వెనక కుర్చీ పట్టుకుని నిలబడతాం. రెండు నిమిషాల్లో వాళ్లే లేస్తారు. నేను లోపలికి పోయి అలా నిలబడదామా అని కూడా ఆలోచించాను. చుట్టుపక్కల ఏదైనా దుకాణం ఉందేమో, చాక్లెట్ కొందామని సందు మూలదాకా పోయి చూశాను. చెప్పుల దుకాణం ఒకటి, మూసి ఉన్న తలుపులు. ఇంకా ముందుకు పోదామంటే నాయనను విడిచి పోబుద్ధి కాలేదు. తిరిగొచ్చి ఆయన నుదురు చూశాను. పొడిగానే ఉంది.

చివరికి లోపల కూర్చోబెట్టారు. పొడుగాటి బల్ల. ఎవరూ చెప్పకుండానే మగవాళ్లు ఒక కొసకు, ఆడవాళ్లు ఇంకో కొసకు చేరిపోయారు. పెద్దవాడని నాయనను బల్ల మొదట్లో కూర్చోబెట్టారు. నేను ఈ కొసన ఉన్నాను, మధ్యలో ఇరవై తలకాయలు. బల్ల మీద నీళ్లు, వైను సీసాలు, బుట్టల్లో గట్టి రొట్టె ముక్కలు. హమ్మయ్య, రొట్టె ఉంది కదా అనుకున్నాను. లేచి నిలబడి, తినమని నాయనకు సైగ చేశాను. ఆయన బుట్ట వైపు చూసి, టూరు మేనేజరును అడగడం నాకు వినిపించింది.

"ఉత్త రొట్టె ఎట్ల తింటరు? కూర రానియ్."

అందరూ కూర కోసం ఎదురుచూశారు. కూర రాలేదు. ఒక ఆడమనిషి వచ్చి, ముట్టని రొట్టెల బుట్టలను మర్యాదగా నవ్వుతూ ఎత్తుకుపోయింది.

తర్వాత ఆ ఇంటి పెద్దాయనే కాబోలు, తెల్లకోటు వేసుకున్న ముసలాయన పెద్ద పళ్లెం నిండా పాస్తా పట్టుకుని వచ్చాడు. ఆ వాసనకు కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. ముందుగా నాయన పక్కన వంగి, ఆయన పళ్లెంలో కొసరంత పెట్టి, ఇంకా పెట్టనా అన్నట్టు గరిటె పట్టుకుని ఆగాడు.

నాయన రెండు చేతులూ పళ్లెం మీద అడ్డంగా పెట్టాడు. "వద్దొద్దు, చాలు చాలు."

మా దగ్గర బంతిలో మొదటి వద్దును ఎవరూ వద్దుగా లెక్కపెట్టరు. చేయి అడ్డం పెట్టేది తినేవాడి మర్యాద. ఆ చేతుల సందులోంచే ఇంకో గరిటె వేసేది పెట్టేవాడి మర్యాద. అడ్డం పెట్టనివాణ్ని తిండిపోతు అంటారు, ఆగిపోయినవాణ్ని పిసినారి అంటారు. ఎంత ఆకలి ఉంటే చేతులు అంత వెడల్పుగా చాపుతాం. నాయన చాలా వెడల్పుగా చాపాడు. ఆ ముసలాయన తల వంచి, నవ్వి, మారుమాట లేకుండా పక్కకు జరిగిపోయాడు.

గద్వాలాయనా వద్దన్నాడు. ఆ పక్క నాగర్‌కర్నూలు ఆయనా చేయి అడ్డం పెట్టాడు. ఒకరిని చూసి ఒకరు, మా మగవాళ్లంతా పొద్దున్నుంచీ ఆకలితో ఉండి, ముక్కు పగిలే వాసన వస్తున్న పాస్తాను వద్దు వద్దంటూ సాగనంపారు. పళ్లెం బల్ల చుట్టూ తిరిగి సగం సరుకుతో వంటింట్లోకి వెళ్లిపోయింది. అందరి కళ్లూ దాని వెంటే పోయాయి. పోయే గిన్నెను వెనక్కి పిలవడం మా ఇంటావంటా లేదు. మొహమాటానికి పోతే కడుపయిందని అమ్మ ఒక సామెత చెప్తుంది. ఇక్కడ మొహమాటానికి పోయి కడుపులు మాడాయి. మిగతావాళ్లవి మాడితే మాడనీ, సాయంత్రం ఏదో ఒకటి తింటారు. నాయన అప్పటికే సూది వేసుకుని గంట దాటింది, అందరికీ వడ్డించేదాకా ఆగుదామని పళ్లెంలోని ఆ కొసరునూ ముట్టలేదు.

నేను నా పళ్లెం ఎత్తుకుని లేచాను. సరిగ్గా అప్పుడే నాయన గొంతు వినిపించింది. పక్కకు తిరిగి గద్వాలాయనను అడుగుతున్నాడు.

"యూరియా లారీ వచ్చిందా? దింపుతుండ్రా?"

గద్వాలాయన పరాచికం అనుకుని నవ్వాడు. "వచ్చింది అన్నా, బయటనే ఆగింది!"

నాకు నవ్వు రాలేదు. చేతిలో పళ్లెం పట్టుకుని కుర్చీలు తగులుకుంటూ పరిగెత్తాను. నాయన చేతిగుడ్డను మడుస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు. నుదురంతా చెమట. ముట్టుకుంటే చల్లగా ఉంది.

"నాయనా, ఇది తిను. నోరు తెరువు."

"ఎవరు నువ్వు? పో అవతలికి!" నా చేయి విసిరికొట్టాడు. పాస్తా తెల్లబట్ట మీద పడింది.

పుట్టి బుద్ధెరిగాక నాయన నన్ను ఎవరు నువ్వు అని అడగడం అదే మొదటిసారి. టూరు మేనేజరుతో చక్కెర, జ్యూసు, ఏదైనా తెమ్మని చెప్తే వంటింటి వైపు ఉరికాడు. ఆ వంటిల్లు ఎక్కడుందో, ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు. నాయన కళ్లు నా మీద నిలవడం లేదు, తల ఒక పక్కకు వాలుతోంది. ఒట్టు గుర్తుకొచ్చింది. ఆయన మీదే వేసిన ఒట్టు. ఒట్టు తప్పితే ఆయనకేమైనా అవుతుందని ఒక భయం, తప్పకపోతే అయ్యేది కళ్ల ముందే కనిపిస్తోంది. చదువుకున్నదాన్నే, పిల్లలకు సైన్సు చెప్పేదాన్నే, అయినా ఆ క్షణాన ఆ ఒట్టు నన్ను ఆపింది.

తర్వాత నేనే అరిచాను. రెస్టారెంటంతా ఇటు తిరిగింది.

"మా నాయనకు షుగరు పడిపోతుంది! సూది ఏసుకున్నడు, తిండి తినలె. ఎవరి దగ్గరన్న తీపి ఏదన్న ఉంటె ఇయ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ముందుగా గద్వాలాయన చేయి తన చొక్కా జేబులోకి పోయింది. కాగితం రుమాలులో చుట్టిన పల్లిపట్టి ముక్క బయటికి వచ్చింది. కొరకను కూడా లేదు. దాన్ని పళ్లతో రెండుగా విరిచి, నాయన గదవ పట్టుకుని నోట్లో పెట్టాడు.

"నములు అన్నా. జర నములు. బెల్లం రసం మింగు."

నేను నాయన తల పట్టుకున్నాను. ఇంతలో నాగర్‌కర్నూలు ఆయన పాస్‌పోర్టు సంచిలోంచి ఒక ముక్క తీశాడు. ఇంకొకాయన ప్యాంటు జేబులోంచి తీశాడు, దానికి బస్సు టికెట్టో ఏదో అంటుకుని ఉంది. అచ్చంపేట ఆమె కొంగు ముడి విప్పుతూ ఆ కొస నుంచి వచ్చింది. చూస్తుండగానే బల్ల మీద అమ్మ చేసిన పల్లిపట్టీలు చిన్న కుప్ప అయ్యాయి. ఇచ్చినప్పుడు మర్యాదకు తీసుకున్నారు. ఒక్కరూ తినలేదు. ఎందుకు తినలేదో అడగక్కర్లేకపోయింది. కుప్ప వైపు చూస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు.

"నాకు రెండేండ్ల సంది సూదే" అన్నాడు గద్వాలాయన, నాయన గదవ వదలకుండానే. "మా ఇంటామెకు తప్ప ఎవలకు తెల్వదు. బస్సుల అన్న చేతుల పెడితె వద్దనలేక జేబుల ఏసుకున్న."

జ్యూసు వచ్చింది. కాసేపటికి నాయన కళ్లు నా మీద ఆగాయి. "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఆ బిడ్డా అన్న పిలుపు విన్నాక కుర్చీ కోళ్లు పట్టుకుని కూలబడి, అంతమందిలో సిగ్గు లేకుండా ఏడ్చాను.

తెల్లకోటు ముసలాయన మళ్లీ పళ్లెం నింపుకొచ్చి నాయన పక్కన నిలబడ్డాడు. అలవాటుగా నాయన చేతులు లేచాయి. గద్వాలాయన ఆ చేతులు రెండూ పట్టుకుని పక్కకు పెట్టాడు. "పెట్టు సామీ, బాగ పెట్టు" అని తెలుగులోనే చెప్పాడు. ముసలాయనకు బాగానే అర్థమైంది. ఆ పాస్తా ఎంత బాగుందో అందరూ చెప్తారు. నేను తిన్నానో లేదో నాకు గుర్తు లేదు.

నాయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. జరిగింది ఎవరో చెప్పి ఉంటారు. హోటలుకు పోయేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. గదిలో అమ్మ ఫోను చేస్తే బాగా తిన్నామని చెప్పి, నా వైపు చూడకుండా ఫోను నా చేతికిచ్చాడు. నేనూ బాగా తిన్నామనే చెప్పాను. ఒట్టు తప్పినందుకు నాకు చింత లేదు. ఆయన ఇక ఎప్పటికీ ఇలాగే తల తిప్పుకుంటాడేమోనన్న దిగులే నన్ను నమిలేసింది.

మర్నాడు బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. మిగిలిన పల్లిపట్టీలన్నీ అమ్మ డబ్బాలోకే తిరిగి వచ్చి నా ఒళ్లో ఉన్నాయి. పొద్దునే ఒక్కొక్కరూ వచ్చి "నీ తాననే ఉండనియ్ బిడ్డా" అని చెప్పిపోయారు. మధ్యాహ్నం భోజనానికి ఆపడానికి ముందు, ముందు వరుసలోంచి నాయన లేచి నిలబడ్డాడు. సీటు పట్టుకుని, దుకాణంలో హమాలీలను కేకేసే గొంతుతో, బస్సంతా వినేలా పిలిచాడు.

"బిడ్డా, నా సూది తే."

నేను ఫ్లాస్కు తీసుకుని ముందుకు నడిచాను. నాయన అందరి ముందే చొక్కా పైకెత్తాడు. పక్క సీట్లో గద్వాలాయన కూడా తన సంచి జిప్పు తీస్తున్నాడు.